కార్మిక సంఘాలు: లాభనష్టాలు
శ్రీరాంపూర్ బొగ్గుగనుల అనుభవం, ఇస్లామీయ దృక్పథం

మానవ జీవితం పరస్పర సహకారం మీద ఆధారపడి ఉంది. ఒకరి దగ్గర ధనం ఉంటుంది, మరొకరి దగ్గర శ్రమశక్తి ఉంటుంది. మానవుల మధ్య ఉపాధిలో హెచ్చుతగ్గులు ఉండటానికి కారణం ఒకరి సేవలు మరొకరు పొందటమేనని దివ్య ఖుర్ఆన్ జుఖ్రుఫ్ సూరాలో (43:32) తెలియజేస్తున్నది. ఈ హెచ్చుతగ్గులు ఒకరిపై మరొకరు దౌర్జన్యం చేయడానికి ఇచ్చిన అనుమతి ఎంతమాత్రం కాదు. పని చేయించుకునేవాడూ, పని చేసేవాడూ ఇద్దరూ అల్లాహ్ దాసులే. ఇద్దరూ రేపు ఆయన సన్నిధిలో లెక్క చెప్పవలసినవారే.

ఈనాడు శ్రమ ఒంటరి వ్యక్తి వ్యవహారంగా లేదు. వేలమంది కార్మికులు ఒకే సంస్థలో పనిచేస్తున్నారు. యజమాని అంటే ఒక మనిషి కాడు, ఒక కంపెనీ. కంపెనీ ముందు ఒంటరి కార్మికుని మాటకు విలువ ఉండదు గనుక కార్మిక సంఘాలు పుట్టాయి. వీటి విషయంలో మన సమాజంలో రెండు విపరీత ధోరణులు కనిపిస్తాయి. సంఘాలు నాస్తిక భావజాలం నుండి వచ్చినవి గనుక ముస్లిములు వాటికి దూరంగా ఉండాలన్నది మొదటిది. సంఘం ఏం చెబితే అదే న్యాయం, యజమాని ఏం చెప్పినా అన్యాయమే అన్నది రెండవది. ఈ రెండింటిలో ఏదీ ఇస్లామీయ న్యాయదృష్టికి తగినది కాదు. సంఘం వల్ల కార్మికునికీ యాజమాన్యానికీ కలిగే మేలు ఏమిటి, కీడు ఏమిటి అన్నది విడివిడిగా తూచి చూడాలి. ఇందుకు దూరదేశాల ఉదాహరణలు అవసరం లేదు. మన శ్రీరాంపూర్ గనుల చరిత్రే చాలినంత పాఠం చెబుతుంది.

సింగరేణి: సంక్షిప్త చరిత్ర

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిల్వలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందింది. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీ వాటాలలో అధిక భాగాన్ని కొనుగోలు చేసింది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత 1956లో అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. నేడు సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, ప్రస్తుత మంచిర్యాల జిల్లాలో ఉన్న శ్రీరాంపూర్ ఏరియా ఈ కంపెనీకి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. రవీంద్రఖని పేర ఆర్.కె. గనులుగా పిలువబడే భూగర్భ గనులు, ఎస్.ఆర్.పి. గనులు, శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు ఈ ప్రాంతంలోనివే.

హైదరాబాద్ సంస్థానంలో కార్మిక సంఘాల నిర్మాణం 1940లలో ఊపందుకుంది. ఆ కాలపు నాయకుల్లో కవి మఖ్దూమ్ మొహియుద్దీన్ (1908–1969) ముఖ్యులు. ఆయన ఉర్దూ కవిగా మన ఇళ్లలో పరిచితులే గాని, హైదరాబాద్ సంస్థానంలోని కార్మికులను సంఘటితపరచిన నాయకుడన్న సంగతి చాలమందికి తెలియదు. ఆయన కమ్యూనిస్టు సిద్ధాంతంతో మనం ఏకీభవించనక్కర లేదు. కాని, కూలివానికి న్యాయం జరగాలని అడిగే పని ముందుగా ఎవరు చేయవలసి ఉండెనో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. కూలివాని హక్కును గురించి దైవప్రవక్త (స) ఆదేశాలు మన దగ్గర ఉండగా, ఆ పని ఇతరులు చేపట్టేవరకు మనం ఎందుకు మౌనంగా ఉన్నామన్నది ఆలోచించదగ్గ విషయం.

షరీఅత్‌లోని మూలసూత్రాలు

ఫిఖహ్ గ్రంథాల్లో కూలి ఒప్పందాన్ని ‘ఇజారా’ అంటారు. పనివానిలో రెండు రకాలు. దర్జీ వలె పలువురికి పనిచేసి, పనినిబట్టి ప్రతిఫలం పొందేవాడు ‘అజీరె ముష్తరక్’. నిర్ణీత కాలంపాటు ఒకే యజమానికి తన్ను తాను అప్పగించుకునేవాడు ‘అజీరె ఖాస్’. గని కార్మికుడు ఈ రెండో కోవకు చెందుతాడు. హనఫీ ఫుఖహాల ప్రకారం అజీరె ఖాస్ పనికి సిద్ధంగా హాజరైతే చాలు, యజమాని పని చూపకపోయినా అతనికి వేతనం చెల్లించాల్సిందే. హాజరు కాకపోతే వేతనం అడిగే హక్కు లేదు. మన గనుల భాషలో చెప్పాలంటే, మస్టర్ పడిన రోజుకు జీతం ఉంది, పడని రోజుకు లేదు. ఈ సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. సమ్మెను గురించి మాట్లాడేటప్పుడు దీని అవసరం వస్తుంది.

యజమానికి ఇచ్చిన హెచ్చరిక కూడా తీవ్రమైనదే. పని చేయించుకొని కూలి ఇవ్వనివానికి వ్యతిరేకంగా ప్రళయదినాన స్వయంగా అల్లాహ్ వాదిస్తాడని బుఖారీ హదీసులో ఉంది. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించాలన్న ఆదేశం ఇబ్నె మాజాలో ఉంది. కార్మికునిపైనా బాధ్యత ఉంది. మూసా (అ) ను పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన యువతి, పనివానిలో ఉండవలసిన రెండు గుణాలను చెప్పినట్లు ఖసస్ సూరా (28:26) తెలియజేస్తుంది. అవి బలం, విశ్వసనీయత. బలం ఉండి విశ్వసనీయత లేకపోతే అది దోపిడీకి దారితీస్తుంది. ఈ సూత్రం ఒక్క కార్మికునికే గాక కార్మికుల సంఘానికీ వర్తిస్తుంది.

ఇక జనం కూటమిగా ఏర్పడి హక్కు కోసం నిలబడటం ధర్మసమ్మతమా? దీనికి ‘హిల్ఫుల్ ఫుజూల్’ చక్కని ఆధారం. యమన్‌కు చెందిన ఒక వర్తకుని సరుకు తీసుకొని మక్కా పెద్ద ఒకడు సొమ్ము చెల్లించలేదు. దిక్కులేని ఆ పరదేశి మొర విని కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమయ్యారు. పీడితుడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు ఒక్కటిగా నిలబడతామని ప్రమాణం చేశారు. దైవప్రవక్త (స) యువకుడుగా ఉన్నప్పుడు ఆ ఒప్పందంలో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అలాంటి పిలుపు వస్తే స్పందిస్తానని అన్నారు. ఆ ఒప్పందం చేసుకున్నవారు ముస్లిములు కారు, అయినా దాని ఉద్దేశం న్యాయం. కాబట్టి ఇతరులతో కలిసి న్యాయం కోసం సంఘటితం కావడంలో దోషం లేదు. మాయిదా సూరాలో (5:2) మేలులో సహకరించుకోమనీ, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దనీ చెప్పిన హద్దు మాత్రం తప్పనిసరి.

కార్మికులకు కలిగే మేలు

మొదటిది వేతనం. బొగ్గు పరిశ్రమలో వేతనాలు ప్రతి కార్మికునితో విడిగా మాట్లాడి నిర్ణయించేవి కావు. సంఘాల ప్రతినిధులు, యాజమాన్యాల ప్రతినిధులు కలిసి కూర్చునే సంయుక్త ద్వైపాక్షిక సంఘం (జె.బి.సి.సి.ఐ.) దేశమంతటికీ వర్తించే ఒప్పందం చేస్తుంది. 2023 మే 20న సంతకాలైన పదకొండవ వేతన ఒప్పందంలో 19 శాతం కనీస ప్రయోజనం ఖాయమైంది. 2021 జులై 1 నుండి దాన్ని లెక్కించారు. ఒక కార్మికుడు ఒంటరిగా మేనేజర్ ఎదుట నిలబడి ఇది సాధించగలడా?

రెండవది ప్రాణరక్షణ. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్.ఆర్.పి.-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. పైకప్పు సడలుతున్నదని, నీటి ఊట పెరిగిందని ముందుగా తెలిసేది అక్కడ పనిచేసే మనిషికే. ఆ మాట ఆఫీసు దాకా చేరాలంటే భయం లేకుండా చెప్పగలిగే వెన్నుదన్ను కావాలి. 1955 నాటి గనుల నియమావళిలో రక్షణ కమిటీలకు, కార్మికుల తరపు తనిఖీదారులకు స్థానం కల్పించింది ఇందుకే. సంఘం గట్టిగా ఉన్నచోట ఆ కమిటీ పనిచేస్తుంది. లేనిచోట కాగితం మీద మిగిలిపోతుంది.

మూడవది లాభాల్లో వాటా. 2023–24 సంవత్సరపు లాభాల్లో విస్తరణకు కేటాయించినది పోగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతాన్ని, అనగా 796 కోట్లను కార్మికులకు పంచారు. సంఘాలు ఏటా ఈ శాతం కోసం పట్టుబట్టకపోతే ఈ వాటా ఇంత పెరిగేది కాదు.

కార్మికులకు కలిగే కీడు

అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. సంఘాలు ఎక్కువైన కొద్దీ కార్మికుని బలం పెరగదు, చీలుతుంది. ఒక సంఘం ఒప్పుకున్నదాన్ని మరొక సంఘం ద్రోహమంటుంది. ఎవరు ఎక్కువ ఆవేశంగా మాట్లాడితే వారికే చందాదారులు పెరుగుతారు. సంఘాల వెనుక రాజకీయ పార్టీలు ఉండటం వల్ల కార్మికుని సమస్య ఎన్నికల లెక్కల్లో కలిసిపోతుంది.

రెండవ కీడు పైరవీ. ఇది కోల్‌బెల్టులో అందరికీ తెలిసిన మాటే. బావి లోపల పని తప్పించి సర్ఫేస్ డ్యూటీ ఇప్పించటం, కోరిన గనికి బదిలీ చేయించటం, క్వార్టర్ ఇప్పించటం - ఇవన్నీ నాయకుని చేతిలోని వరాలుగా మారినప్పుడు, నిజంగా జబ్బుతో ఉన్నవానికి దక్కవలసిన తేలికపాటి పని, పలుకుబడి ఉన్నవానికి దక్కుతుంది. ఇది ఒక కార్మికుని హక్కును మరొక కార్మికుని చేత దోచుకోవటమే. దీనికి సొమ్ము చేతులు మారితే అది లంచమే అవుతుంది. లంచం హరామ్ అన్న విషయంలో ఉలమాల్లో భేదాభిప్రాయం లేదు.

మూడవ కీడు పక్షపాతం. తన వర్గం తప్పు చేసినా సమర్థించటాన్ని దైవప్రవక్త (స) ‘అసబియ్యత్’ అని ఖండించారు. సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సహాయపడాలని ఆయన చెప్పినప్పుడు, పీడకునికి సహాయం ఎలా అని సహచరులు అడిగారు. అతని చేతిని ఆపటమే సహాయమని జవాబిచ్చారు. విధుల్లో నిర్లక్ష్యం చేసి తోటివారి ప్రాణాల మీదికి తెచ్చిన కార్మికుని కేవలం తమ సభ్యుడన్న కారణంతో సంఘం వెనకేసుకు వస్తే, అది ఈ అసబియ్యత్ కిందికే వస్తుంది.

యాజమాన్యానికి లాభనష్టాలు

సంఘమంటే యాజమాన్యానికి నష్టమే అన్న అభిప్రాయం సరికాదు. వేలమందితో విడివిడిగా మాట్లాడటం ఏ మేనేజరుకూ సాధ్యం కాదు. మాట్లాడటానికి ఒక ప్రతినిధి, నిలబడటానికి ఒక ఒప్పందం ఉంటే పని సాఫీగా సాగుతుంది. కింది స్థాయి అధికారుల తప్పులు సంఘం ద్వారా పైవారికి తెలుస్తాయి. అసంతృప్తి లోలోపల రగిలి ఒక్కసారిగా బద్దలయ్యే బదులు, మాటల రూపంలో ముందే బయటపడుతుంది.

నష్టం ఎక్కడ వస్తుందో సింగరేణి చరిత్ర చెబుతుంది. 1991–92 ఒక్క సంవత్సరంలోనే కంపెనీలో 400కు పైగా సమ్మెలు జరిగాయి. వీటిలో చాలా భాగం ఏదో ఒక గనిలో, ఏదో ఒక విభాగంవారు చిన్న కారణంతో నోటీసు లేకుండా చేసినవి. భూగర్భ గనిలో పని గొలుసు వంటిది. బొగ్గు లాగే యంత్రం నడిపే కొద్దిమంది పని ఆపితే చాలు, కింద నింపేవారు, పైన దింపేవారు అందరూ ఖాళీగా కూర్చోవలసిందే. పదిమంది కోపానికి వందలమంది మస్టరు పోగొట్టుకున్నారు. తరుగుతున్న ఉత్పత్తి, పెరుగుతున్న నష్టాలు కలిసి కంపెనీని 1990లలో ఖాయిలా పరిశ్రమల బోర్డు (బి.ఐ.ఎఫ్.ఆర్.) మెట్లెక్కించాయి. ఇందుకు సమ్మెలే ఏకైక కారణమనటం అన్యాయం. కాని అవి కూడా ఒక కారణమని ఒప్పుకోకపోవటమూ అన్యాయమే. కంపెనీ మూతపడితే మొదట వీధిన పడేది యజమాని కాదు, కార్మికుడే.

ఇక్కడ నూమాన్ బిన్ బషీర్ (ర) ఉల్లేఖించిన ఓడ హదీసు స్ఫురిస్తుంది. ఓడలో కొందరు పైఅంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీటికోసం మాటిమాటికీ పైకి రావలసి వచ్చింది. పైవారికి ఇబ్బంది లేకుండా తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకుంటామని వారు అనుకున్నారు. పైవారు వారిని వారి మానాన వదిలేస్తే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. ఇందులో ఒక సంగతి గమనార్హం. కిందివారి దాహం అబద్ధం కాదు. వారు ఎంచుకున్న ఉపాయం మాత్రమే తప్పు. యాజమాన్యం దాహాన్ని గుర్తించాలి, సంఘం రంధ్రం చేయకూడదు. ఈ రెండూ కలిసి జరిగితేనే ఓడ ఒడ్డు చేరుతుంది.

రహస్య ఓటు చేసిన మార్పు

ఈ అస్తవ్యస్త స్థితికి విరుగుడుగా 1998 సెప్టెంబరులో సింగరేణిలో మొదటిసారి రహస్య ఓటింగ్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు. కంపెనీ మొత్తానికి ఒక గుర్తింపు సంఘం, ఒక్కొక్క ఏరియాకు ఒక ప్రాతినిధ్య సంఘం అన్నది ఏర్పాటు. ఆ ఎన్నికల్లో ఎ.ఐ.టి.యు.సి. గెలిచింది. 2003లో ఐ.ఎన్.టి.యు.సి., 2012లోనూ 2017లోనూ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, 2023 డిసెంబరు 27న తిరిగి ఎ.ఐ.టి.యు.సి. గుర్తింపు పొందాయి. శ్రీరాంపూర్ ఏరియాలో కూడా 2023లో ఎ.ఐ.టి.యు.సి.యే నెగ్గింది. ఎవరు గెలిచారన్నది మనకు ప్రధానం కాదు. కార్మికులు తమ ప్రతినిధిని తామే ఎన్నుకున్నారు, తృప్తి కలగకపోతే తామే మార్చారు. కేక వేసేవాని బలం తగ్గి, లెక్కించిన ఓటు బలం పెరిగింది. వ్యవహారాలను సంప్రదింపులతో నడపాలన్న షూరా సూత్రానికి ఇది దగ్గరగా ఉంది.

2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంఘమవుతుంది. సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు అన్ని పరిశ్రమల్లోనూ తప్పనిసరి. సగం మంది లేక అంతకు మించినవారు ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. ఈ నిబంధనలు సమ్మె హక్కును బలహీనపరుస్తాయని సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి.

సమ్మె: ఎప్పుడు ధర్మం, ఎప్పుడు అధర్మం

ఒప్పందాలను నెరవేర్చమన్నది మాయిదా సూరా మొదటి ఆయతులోనే వచ్చిన ఆజ్ఞ. ఒప్పందం గడువులో ఉండి, యజమాని తన వంతు నెరవేరుస్తుండగా, హఠాత్తుగా పని ఆపటం ఒప్పంద భంగం. అయితే యజమాని వేతనం ఎగవేసినా, ఒప్పుకున్న దానికి మించి భారం మోపినా, ప్రాణాపాయం ఉన్న చోటికి పొమ్మన్నా, ఒప్పందాన్ని ముందుగా భంగపరచినవాడు అతనే. పైకప్పు దిగుతున్న చోట పనిచేయనన్న కార్మికుడు తప్పు చేసినవాడు కాడు. తన్ను తాను నాశనంలో పడవేసుకోరాదన్నది ఖుర్ఆన్ బోధన (2:195).

సమ్మె రోజుల జీతం మాటేమిటి? పైన చెప్పిన సూత్రం ప్రకారం హాజరు కాని రోజుకు అజీరె ఖాస్‌కు వేతనం లేదు. యాజమాన్యం చర్చల్లో స్వచ్ఛందంగా ఇస్తే అది వేరు. కాని అదే సూత్రం యాజమాన్యాన్ని కూడా కట్టివేస్తుంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉండేది. పదిమంది లేక అంతకు మించిన కార్మికులు కూడబలుక్కొని నోటీసు లేకుండా గైర్హాజరైతే ఎనిమిది రోజుల వేతనం వరకు కోయవచ్చు. 2019 వేతనాల స్మృతిలోనూ దీన్ని కొనసాగించారు. ఈ కోతకు వ్యతిరేకంగా 1981లో సింగరేణిలో 56 రోజులపాటు సమ్మె జరిగింది. ఫిఖహ్ దృష్టిలో ఒక రోజు గైర్హాజరుకు ఒక రోజు వేతనం పోవటం న్యాయం. చేసిన పనికి చెందిన ఏడు రోజుల వేతనాన్ని అదనంగా తీసుకోవటం ఆర్థిక శిక్ష. ఇటువంటి ధనశిక్షను హనఫీ ఫుఖహాల్లో అధిక సంఖ్యాకులు అంగీకరించలేదు. షరీఅత్ ఇక్కడ కార్మిక పక్షమూ వహించలేదు, యజమాని పక్షమూ వహించలేదు. త్రాసును సమంగా పట్టింది.

ఐదవ హిజ్రీ శతాబ్దపు న్యాయవేత్త అల్ మావర్దీ, మార్కెట్లను పర్యవేక్షించే ముహ్తసిబ్ విధులను వివరిస్తూ ఇదే సమతూకాన్ని సూచించారు. యజమాని కూలి తగ్గించినా, పని పెంచినా అతన్ని నిరోధించాలి. కూలివాడు పని తగ్గించినా, కూలి ఎక్కువ కోరినా అతన్నీ నిరోధించాలి. వివాదం తెగకపోతే తీర్పు చెప్పేవాని వద్దకు పంపాలి. నేటి కార్మిక శాఖ అధికారులు, ట్రిబ్యునళ్లు ఆ స్థానంలో ఉన్నవే.

నేటి అసలు పరీక్ష

1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికుల సంఖ్య నేడు 40 వేల ప్రాంతానికి దిగింది. మరోవైపు కాంట్రాక్టు కార్మికులు సుమారు 25 వేలకు చేరారు. వీరూ బొగ్గు దుమ్ములోనే పనిచేస్తారు. కాని జాతీయ వేతన ఒప్పందం వీరికి వర్తించదు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో వీరికి ఓటు లేదు. 2022 సెప్టెంబరులో వీరు వేతనాల కోసం సమ్మె చేయవలసి వచ్చింది. 2023–24 లాభాల నుండి పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా తొంభై వేల రూపాయలు రాగా, కాంట్రాక్టు కార్మికునికి అయిదు వేలు వచ్చింది. వీరికి లాభాల నుండి ఏదైనా ఇవ్వటం అదే మొదటిసారి.

సంఘం నిజంగా పీడితుల కూటమా, లేక ఉన్నవారి హక్కులను కాపాడుకునే కంచె మాత్రమేనా అన్నది ఇక్కడే తేలుతుంది. తమకు కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇతరులకు కొలిచేటప్పుడు తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరిక అంగట్లో తూకం వేసే వర్తకునికే పరిమితం కాదు. యాజమాన్యం దగ్గర తన హక్కును నిండుగా కొలిపించుకొని, తన పక్కనే తట్ట ఎత్తే కాంట్రాక్టు కూలి హక్కు వచ్చేసరికి మౌనం వహించే సంఘ సభ్యునికీ వర్తిస్తుంది. హిల్ఫుల్ ఫుజూల్‌లో చేరినవారు తమ సొంత హక్కు కోసం ప్రమాణం చేయలేదు. తమ తెగకు చెందని పరదేశి కోసం చేశారు.

కనుక సంఘంలో చేరిన ముస్లిం సోదరులు కొన్ని విషయాలు దృష్టిలో ఉంచుకోవాలి. సంఘం చందా ఒక అమానతు, దాని లెక్క అడగటం సభ్యుని హక్కు. పదవిలో ఉన్నవారు పైరవీకి దూరంగా ఉండాలి. ఓటు సాక్ష్యం వంటిది, దాన్ని కులాన్ని, మతాన్ని, విందును చూసి గాక యోగ్యతను చూసి వేయాలి. పని గంటల్లో పనిని ఎగవేయరాదు. అన్యాయం జరిగినప్పుడు నోటీసు ఇచ్చి, చర్చించి, అప్పటికీ దారి లేకపోతేనే పని ఆపాలి. ఆపినప్పుడు ఆస్తిని ధ్వంసం చేయటం, పనికి వెళ్లేవానిపై చేయిచేసుకోవటం ఏ పరిస్థితిలోనూ తగదు. యాజమాన్యంలో ఉన్నవారు కూడా అల్లాహ్‌కు భయపడాలి. ప్రభుత్వ సంస్థ సొమ్ము ప్రజల సొమ్ము. దాన్ని దుబారా చేయటం ఎంత తప్పో, కూలివాని కడుపుకొట్టి మిగిల్చటం అంతే తప్పు.

న్యాయం కోసం స్థిరంగా నిలబడమని, అది మీకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా వెనుదీయవద్దని నిసా సూరా (4:135) విశ్వాసులను ఆదేశిస్తున్నది. బలంతోపాటు విశ్వసనీయత కలిగిన సంఘం కార్మికునికీ, సంస్థకూ శుభప్రదం. విశ్వసనీయత లేని సంఘం ఇరువురికీ భారం. ఈ రెండింటిలో ఏది కావాలో నిర్ణయించుకునే అధికారం రహస్య ఓటు రూపంలో ఇప్పుడు కార్మికుని చేతిలోనే ఉంది. దాన్ని సక్రమంగా వినియోగించుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.